బ్రాక్‌నెల్ వానప్రస్థం

ఆ శనివారం పొద్దున చలపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యను వెంటబెట్టుకుని, ఇంగ్లండులో తాముండే బ్రాక్‌నెల్ ఊరి చివరనున్న స్విన్లీ అడవికి వెళ్ళాలి. ఒకరి వెనక ఒకరు నోరు మెదపకుండా కాసేపు నడవాలి. ఇంటికొచ్చి ఇడ్లీ తినాలి. ఇంతమాత్రం పథకంతో ఎవరి కొంపా మునగదు. కానీ చిన్న పనులు చిన్నవిగానే ఉండిపోయే యోగం చలపతి జాతకంలో లేదు.

"బయలుదేరదామా నాగూ?" అని మెట్ల కిందనుంచి అడిగాడు.

నాగేశ్వరి దిగి వచ్చింది. మట్టిరంగు ప్యాంటు, అదే రంగు చొక్కా. చేతులకు గాజులు లేవు, కాళ్ళకు పట్టీలు లేవు, మొహాన పౌడరు లేదు. మంగళసూత్రాలు చప్పుడు కాకుండా చొక్కా లోపలికి తోసి పిన్నీసు పెట్టుకుంది.

"మా అమ్మ ఈ వేషంలో చూసిందంటే అక్కడే కూలబడిపోతుంది," అంది చేతులు చూసుకుంటూ. "బోసి చేతులతో గడప దాటడం ఇదే మొదలండీ నాకు."

"ఏనుగులకి గాజుల చప్పుడు పడదంట నాగూ. క్యాంపు ఆవిడ చెప్పింది కదా."

ఏనుగులంటే బ్రాక్‌నెల్ ఏనుగులు కావు. జాంబియాలో, పటం మీద చిటికెనవేలి గోరుకింద దాగిపోయేంత నేషనల్ పార్కు ఒకటుంది. అక్కడి ఏనుగులు. ఆ పార్కు పేరు ఇక్కడ రాయడం లేదు. రాయొద్దని చలపతి బతిమాలుకున్నాడు, కారణం ముందుముందు మీకే తెలుస్తుంది. అక్కడ జీపుల హడావుడి ఉండదు. ముందు తుపాకీ పట్టుకున్న గార్డు, వెనక దారి తెలిసిన గైడు, వాళ్ళ వెనక ఆరుగురంటే ఆరుగురు మనుషులు కాలినడకన అడవిలోకి వెళ్తారు. క్యాంపు నడిపే ముసలి ఇంగ్లీషావిడ గరగరలాడే ఫోన్లో చలపతికి నియమాలన్నీ చెప్పింది. మట్టిరంగు బట్టలే కట్టాలి. అత్తరు, సెంటు పనికిరావు. ఒంటిమీద గలగలలాడేది ఏదీ ఉండకూడదు. ముందున్న మనిషి చెయ్యెత్తితే ఉన్నచోటే కొయ్యబొమ్మలా నిలబడాలి. ఏం కనబడినా మాట్లాడకూడదు, ఏం వినబడినా పరుగెత్తకూడదు.

చలపతిది కాకినాడ. సముద్రం తెలుసుగానీ అడవి తెలియదు. ఇంగ్లండుకొచ్చి ఏళ్ళయినా అతని బతుకంతా బ్రాక్‌నెల్ ఆఫీసులో కంప్యూటరు ముందే. రెండేళ్ళ కిందట ఒక ముసురుపట్టిన సాయంత్రం టీవీలో నిలువెత్తు గడ్డిలో, ఎండి బంగారంలా పండిన గడ్డిలో, కొందరు మనుషులు మాటా పలుకూ లేకుండా నడిచి వెళ్ళడం చూశాడు. వాళ్ళకు ఎదురుగా ఏనుగులు నది దాటుతున్నాయి. అంతే. అప్పట్నుంచి అతను మనిషి ఇక్కడ, మనసు అక్కడ. మీటింగులో ఎవరైనా ప్రాజెక్టు ఆలస్యం గురించి గొంతు చించుకుంటుంటే చలపతి కళ్ళ ముందు ఆఫీసు కార్పెట్టు మీద మెల్లగా గడ్డి మొలిచేది. కిటికీ అవతల కారు పార్కింగు మీద మంచు దిగేది. ఆ మంచులోంచి చెవులూపుకుంటూ ఏదో పెద్దది, బూడిదరంగుది, నడిచొచ్చేది. "చలపతీ, నీ అభిప్రాయం?" అని అడిగితే "చాలా బాగుంది" అనేవాడు. దాంతో అతనికి సహకరించే మనిషని మంచి పేరు కూడా వచ్చింది.

ఈ ప్రయాణం సంగతి ఎవరికీ చెప్పకూడదని మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. నాగేశ్వరి కారణం, ముందే చెప్పుకున్న ప్రయాణం ముందుకు సాగదని. చలపతి కారణం, కిందటేడు లేక్ డిస్ట్రిక్ట్. అక్కడ ఒక సరస్సు ఒడ్డున భార్య పక్కన కూర్చుని ఊరికే నీళ్ళు చూడాలని ఉందని నిర్మలాదేవితో నోరు జారాడు. అంతే, తెలుగు సంఘం మొత్తంతో బస్సు బయలుదేరింది. రైస్ కుక్కర్లు, క్రికెట్ బ్యాట్లు, అంత్యాక్షరి, పులిహోర బకెట్లు. పిల్లల్ని లెక్కపెట్టే పని చలపతి మీద పడింది. నీళ్ళు అతనికి బస్సు కిటికీలోంచి వచ్చేటప్పుడొకసారి, వెళ్ళేటప్పుడొకసారి కనిపించాయి.

నిర్మలాదేవి అంటే డాక్టర్ ఆంజనేయప్రసాద్ గారి భార్య. ఆయన ఆ ఊళ్ళో జీపీ, అంటే కుటుంబ వైద్యుడు. ఆవిడ తెలుగు సంఘానికి నోరు, కాళ్ళు, చేతులు అన్నీ. మనసు వెన్న. గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. ఆవిడ చెవిన పడ్డ కబురు సాయంత్రానికి హీత్రో ఎయిర్‌పోర్టు పక్కనున్న హేస్ చేరుతుంది, మర్నాటికి సముద్రం దాటి బెల్‌ఫాస్ట్ చేరుతుంది.

ఆ పొద్దున స్విన్లీ అడవిలో దేవదారు చెట్ల మధ్య వెలుతురు పాలలా జారుతోంది. చలపతి ముందు, నాగేశ్వరి పది బారల వెనక. ఎండుపుల్ల మీద కాలు పడకుండా నడుస్తుంటే చలపతికి తాను బ్రాక్‌నెల్‌లో లేనట్టే అనిపించింది. ఆ మలుపు అవతల నది ఉన్నట్టు, నదిలో ఏనుగులు ఉన్నట్టు. సరిగ్గా ఆ మలుపు అవతలే నిర్మలాదేవి ముళ్ళపొదలో చెయ్యి పెట్టి పచ్చడికి బ్లాక్‌బెర్రీలు కోస్తోంది.

"ఏవమ్మాయ్ నాగేశ్వరీ! నువ్వేనా?" అన్న కేకకు చెట్టు మీది పావురాలు లేచిపోయాయి.

నియమం నియమమే. చలపతి గిరుక్కున అరచెయ్యి పైకెత్తాడు. నాగేశ్వరి ఉన్నచోటే కొయ్యబారిపోయింది. కళ్ళు కూడా ఆర్పలేదు. నిర్మలాదేవి చూసిందేమిటంటే, మట్టిరంగు గుడ్డల్లో బోసి చేతులతో పతి అడుగుజాడల్లో నడుస్తున్న ఇల్లాలు, ఆమె ముందు కళ్ళు అరమోడ్చి అభయహస్తం ఇస్తున్న చలపతి. ఆవిడ నోట మాట రాలేదు. అది ఆవిడ జీవితంలో అరుదైన సంగతి. బ్లాక్‌బెర్రీల గిన్నె పట్టుకుని పక్కకు తప్పుకుని దారిచ్చింది. చలపతి ఆపాటికి నాటకం ఆపడానికి సిగ్గుపడి, తల వంచుకుని ముందుకు నడిచేశాడు.

"చూసేసిందండీ. ఇప్పుడెలా?" అంది నాగేశ్వరి కారెక్కాక.

"ఏం చూసిందని? నడుస్తుంటే చూసింది. నడవడం తప్పా?" అన్నాడు చలపతి. అప్పటికి తప్పు కాదు.

సాయంత్రం నాగేశ్వరి కరివేపాకు కుండీ ఎత్తుకుని నిర్మలాదేవి ఇంటికి వెళ్ళింది. తాము ఊళ్ళో లేనప్పుడు దానికి నీళ్ళెవరు పోస్తారు? కొత్త కిటికీకి అది ముందుగా అలవాటుపడాలి కదా అని ఆమె ఆలోచన. ఇంగ్లండులో కరివేపాకు మొక్కంటే మొక్క కాదు, ఇంట్లో పసిబిడ్డ. చలికి కంబళి కప్పుతారు, హీటరు పక్కన పడుకోబెడతారు, పోపులోకి నాలుగాకులు అడిగిన స్నేహితురాలికి రెండిచ్చి మాట మారుస్తారు. అలాంటిదాన్ని కుండీతో సహా తెచ్చి వాకిట్లో పెడితే నిర్మలాదేవి గుండె గుభేలుమంది.

"ఇదేవిటమ్మాయ్?"

"మీ దగ్గరుంచుకోండక్కా. మీరైతే బాగా చూసుకుంటారు."

"ఎన్నాళ్ళు?"

నాగేశ్వరికి అబద్ధం ఆడడం రాదు, నిజం చెప్పడానికి ఒట్టు అడ్డం. "ఇప్పుడేవీ అడక్కండక్కా. ముందే చెప్పకూడదు. అయ్యాక అన్నీ మీకే తెలుస్తాయి," అని గబగబా వచ్చేసింది.

తర్వాత బయటపడిన సంగతేమిటంటే, ఆ రోజు భోజనాల దగ్గర నిర్మలాదేవి భర్తతో తేల్చి చెప్పేసింది. "గాజులు తీసేసింది. రంగు బట్టలు మానేసింది. కరివేపాకు మొక్క కూడా ఇచ్చేసిందండీ! ఇంకేం మిగిలింది? వానప్రస్థం! నలభై ఏళ్ళకే! పెళ్ళాన్ని తీసుకుని అడవులకి వెళ్ళిపోతున్నాడు చలపతి!"

ఆంజనేయప్రసాద్ గారు అన్నం ముద్ద నోటిదగ్గరే ఆపేశారు. ఆ వారంలోనే చలపతికి ఆఫ్రికా ప్రయాణానికి కావలసిన టీకా తన క్లినిక్కులో ఆయనే స్వయంగా వేశారు. "డాక్టరు గారూ, అక్కయ్యగారికి తెలిస్తే బస్సు బయలుదేరుతుందండీ," అని చలపతి ఆయన చెయ్యి పట్టుకుని వేడుకున్నాడు. రోగి సంగతి ఇంట్లో చెప్పడం డాక్టరు వృత్తిలో మహాపాపం. ఆయన ముద్ద మింగి, "మజ్జిగ పొయ్యి," అన్నారు.

సోమవారం ఆఫీసు క్యాంటీన్‌లో తేజ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చలపతి కింద పనిచేసే కుర్రాడు, భీమవరం వాడు. "అన్నా, ఏవీ అనుకోనంటే ఒకటి అడుగుతాను. నిజంగానే వెళ్ళిపోతున్నారా?"

చలపతి చేతిలో శాండ్‌విచ్ జారింది. కళ్ళ ముందు బస్సు, బస్సు నిండా రైస్ కుక్కర్లు. "ఎవరు చెప్పారు?"

"నిర్మలాంటీ. మీరూ వదినా అన్నీ వదిలేసి వానప్రస్థం తీసుకుంటున్నారంట కదా."

చలపతికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. విహారయాత్రకైతే జనం వెంటపడతారుగానీ వానప్రస్థానికి ఎవడొస్తాడు? ఇంతకంటే మంచి కంచె ఏముంటుంది? అతను కిటికీలోంచి దూరంగా చూసి, "చూద్దాం తేజా. అన్నీ మన చేతుల్లో ఉంటాయా?" అన్నాడు. తేజ లేచి, తను తినకుండా మిగిల్చిన అరటిపండు అన్న ముందు భక్తిగా పెట్టి వెళ్ళాడు.

ఆ మాట వింటూనే నాగేశ్వరి తల కొట్టుకుంది. "కొరివితో తల గోక్కుంటున్నారండీ మీరు."

"సెప్టెంబరులో మన ప్రయాణం దాకానే కదా నాగూ."

మరుసటి శనివారం స్విన్లీ అడవి కారు పార్కింగులో ఆరు కార్లు ఉన్నాయి. అందరికంటే ముందు నిర్మలాదేవి. చలపతిని చూడగానే ఆవిడ చెప్పులు విప్పబోయి, కింద గులకరాళ్ళు చూసి మానుకుంది.

"చలపతి గారూ," అంది. ఏళ్ళ తరబడి "ఒరే చలపతీ" అని పిలిచిన మనిషి "గారూ" అనేసరికి చలపతికి వెన్నులో చలి పుట్టింది. "మీరు నడుస్తుంటే మేం కూడా వెనక నడుస్తామండి. మాట్లాడం. ఒట్టు."

"అబ్బే, అక్కయ్యగారూ, మీరెందుకండీ శ్రమ! చాలా నియమాలున్నాయి."

"చెప్పండి. ఎన్నున్నా సరే."

ఈ నియమాలు విన్నవాడెవడూ మళ్ళీ రాడన్న ధైర్యంతో చలపతి అన్నీ ఏకరువు పెట్టాడు. మట్టిరంగు, సెంటు, గలగల, చెయ్యెత్తడం, అన్నీ. "ఇవన్నీ ఎవరు చెప్పారండీ?" అని ఎవరో అడిగారు. అలవాటు కొద్దీ, "ఆవిడ. పెద్దావిడ. ఎక్కడో అడవిలో ఉంటుంది. ఫోన్లో చెప్పింది," అన్నాడు. అక్కడున్న వాళ్ళంతా ఒక్కసారిగా చేతులు జోడించారు. అడవిలో కూర్చుని ఫోన్లో ఉపదేశం ఇచ్చే అమ్మ వాళ్ళకు బాగా నచ్చింది.

ఇక ఆగలేదు. ఆపై వారం హేస్ నుంచి వచ్చారు. ఎయిర్‌పోర్టులో సామాన్లు మోసి మోసి, విమానాల మోతలో బతికే వాళ్ళకు నిశ్శబ్దం అంటేనే స్వర్గం. ఆ తర్వాతి వారం హేస్ వాళ్ళు బస్సే కట్టించుకున్నారు. ఏ బస్సుకు భయపడి చలపతి ఇన్ని నాటకాలాడాడో ఆ బస్సు పొద్దున్నే పొగలు కక్కుతూ వచ్చి అతని ముందే ఆగింది. అందులోంచి మట్టిరంగు చొక్కాల్లో జనం నిశ్శబ్దంగా దిగారు. గాజులు తియ్యడానికి మనసొప్పని ఆడవాళ్ళు ఊలు దారంతో గాజులన్నీ కలిపి కట్టేసుకున్నారు. ఇంగువ వాసన జంతువులకు పడుతుందో లేదోనన్న అనుమానంతో పులిహోర ఇంగువ లేకుండానే చేశారు. అది ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు, మాట్లాడకూడదు కాబట్టి.

ఒకరోజు నిర్మలాదేవి కూతురు శ్రీజ చలపతిని పక్కకు పిలిచింది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "వాట్ హావ్ యూ డన్ టు మై మమ్, అంకుల్?" అంది. "షీ హాజంట్ షౌటెడ్ ఇన్ ఎ ఫోర్ట్‌నైట్. డాడ్ కీప్స్ స్మైలింగ్. ఇట్స్ క్రీపీ."

చలపతికి నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. ఎందుకంటే ప్రయాణం దగ్గరికొచ్చేసింది. విమానం శనివారం రాత్రి. సంఘం వాళ్ళు ఆదివారం పొద్దునకి హాలు మాట్లాడేశారు. మౌనం మీద చలపతి గారి ఉపన్యాసం, ఆ తర్వాత దంపతులకు వీడ్కోలు. బెల్‌ఫాస్ట్ నుంచి డాక్టర్లు కూడా వస్తున్నారు. వానప్రస్థం ఒకరోజు ముందుకు జరపమంటే ఎవరూ అడ్డు చెప్పరేమో కానీ, "హీత్రో దాకా మేమంతా వస్తాం" అంటారు. హీత్రోలో ఏ కౌంటరు ముందు నిలబడాలి?

"నేను చెప్తున్నాను వినండి," అంది నాగేశ్వరి సంచిలో బట్టలు సర్దుతూ. "నాకు ఏనుగుల్ని చూడాలనే ఉంది. మీకంటే ఎక్కువే ఉందేమో. కానీ మనల్ని నమ్మి తెల్లారగట్ట లేచి వచ్చే వాళ్ళకి అబద్ధం చెప్పి నేను విమానం ఎక్కను. చెప్పండి, లేకపోతే మానేద్దాం."

చలపతి ఆ రోజంతా లెక్కలు వేసుకున్నాడు. రెండేళ్ళుగా అతను నిద్రలోనూ మెలకువలోనూ నడిచిన గడ్డి అది. ఇప్పుడు చెబితే జనం ఊరుకోరు. తిడతారు, ఏడుస్తారు, ఆ గొడవలో విమానం దాటిపోతుంది. చెప్పకపోతే భార్య రాదు. చివరికి అతనికి ఒక ఆలోచన తట్టింది. చెప్పాలి, కానీ ఎవరూ తిరిగి మాట్లాడలేని చోట చెప్పాలి.

ఆఖరి శనివారం పొద్దున అడవి నిండా మంచు. చలపతి వెనక నాగేశ్వరి, ఆమె వెనక నిర్మలాదేవి, ఆ వెనక బస్సెడు జనం, అందరి వెనకా ఆంజనేయప్రసాద్ గారు. అంతమంది నడుస్తున్నా ఆకు మీది నీటిబొట్టు రాలిన చప్పుడు వినబడుతోంది. చెట్ల మొదళ్ళు కనబడడం లేదు, పైకొమ్మలు మాత్రం నీళ్ళలో తేలుతున్నట్టున్నాయి. ఎక్కడ చెబుదామా అని వెతుక్కుంటూ నడుస్తున్న చలపతి ఒక్కసారిగా ఆగి చెయ్యెత్తాడు.

బాట మధ్యలో లేడి నిలబడి ఉంది. దాని పక్కన పిల్ల. అది వాళ్ళ వైపు చూసింది. మట్టిరంగు మనుషులు, చప్పుడు లేదు, వాసన లేదు. వాళ్ళు కూడా ఏవో చెట్లే అనుకుందేమో. తాపీగా గడ్డి కొరుకుతూ చలపతికి చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా వచ్చి, వరస పొడుగునా ఒక్కొక్కరిని వాసన చూస్తున్నట్టు నడిచి, నిర్మలాదేవి ముందు కాసేపు ఆగి, పిల్లను వెంటబెట్టుకుని మంచులోకి వెళ్ళిపోయింది. చలపతి వెనక్కి తిరిగి చూస్తే నిర్మలాదేవి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆవిడ తుడుచుకోలేదు, చెయ్యి కదిపితే చప్పుడవుతుందని.

చలపతి ఎత్తిన చెయ్యి దించేశాడు. ఇంత మంచి మనుషుల్నా నేను మోసం చేసింది అనుకున్నాడు. ఇక ఆగలేకపోయాడు.

"నేను వానప్రస్థానికి వెళ్ళడం లేదండీ," అన్నాడు గట్టిగా. "ఈ రాత్రికి ఆఫ్రికా వెళ్తున్నాం, ఏనుగుల్ని చూడ్డానికి. రెండు వారాల్లో వచ్చేస్తాం. ఈ నియమాలన్నీ ఏనుగుల కోసం. ఆవిడ గురువు కాదు, క్యాంపు ఓనరు. మీకు చెబితే మీరూ వస్తారని, గోల అయిపోతుందని దాచాను. తప్పు నాది. క్షమించండి."

ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి లేదు, నడక ఇంకా అయిపోలేదు. అంతమంది మొహాలు ఎర్రబడ్డాయి, తెల్లబడ్డాయి. ఒకాయన నోరు తెరిచి, పక్కవాళ్ళు చూస్తే మూసేశాడు. తిరిగి వెళ్ళే దారి ఎంతకీ తరగలేదు. చలపతి వీపు మీద కొన్ని డజన్ల చూపులు గుచ్చుకుంటూనే ఉన్నాయి.

కారు పార్కింగులో గులకరాళ్ళ మీద కాలు పెట్టగానే కట్ట తెగింది. ఎవరేం తిడుతున్నారో వినబడనంత గోల. ఆ గోల మీదుగా నిర్మలాదేవి గొంతు లేచింది. ఇన్ని వారాల విశ్రాంతి తర్వాత అది మరింత నిగ్గుదేరింది.

"ఏరా చలపతీ!"

"గారు" పోయినందుకు చలపతికి ప్రాణం లేచొచ్చింది.

"మేం నోరు మూసుకుని నడవలేమనేగా నువ్వు దాచింది? నడిచామా లేదా?"

"నడిచారక్కా."

"లేడి నా దగ్గరికొచ్చి నిలబడిందా లేదా?"

"నిలబడిందక్కా."

"మరి నువ్వేగా మధ్యలో నోరు తెరిచి మాట్లాడింది!"

 ఆవిడ భర్త వైపు తిరిగింది. "మీకు తెలుసా ఈ సంగతి?"

"టీకా నేనే వేశాను," అన్నారు ఆంజనేయప్రసాద్ గారు నేల చూస్తూ. "పేషెంటు రహస్యం చెప్పకూడదు నిర్మలా. వృత్తిధర్మం."

"ఇన్ని వారాలు నన్ను మాట్లాడకుండా తిప్పడం కూడా వృత్తిధర్మమేనా?"

డాక్టరు గారు ఆకాశం చూశారు. ఆవిడ మళ్ళీ చలపతి మీదికి వచ్చింది. చలపతి కళ్ళు మూసుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. ఆవిడ వాచీ చూసుకుంది. "విమానం రాత్రికని చెప్పి ఇక్కడ నిలబడ్డావేంట్రా? వెళ్ళండి. వెళ్ళి సర్దుకోండి. రేపు హాల్లో నీ ఉపన్యాసం ఎవరిక్కావాలి, మేమే మాట్లాడకుండా కూర్చుంటే సరిపోతుంది. వచ్చే శనివారం మా నడక మేం నడుస్తాం. ముందెవరుండాలో మేం చూసుకుంటాం." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "ఒరే, జాగ్రత్త," అంది.

అలా చలపతి నిజంగానే ఆ గడ్డిలోకి వెళ్ళాడు.

అది అతను కలగన్నట్టే ఉంది. అంతకంటే బాగుంది. తెల్లవారుజామున బురదనేల మీద పొగమంచు పాలమీగడలా కట్టింది. జమ్ము దుబ్బుల వెనక ఎర్రటి జింకలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మేస్తున్నాయి. ఎక్కడో పైన గద్ద ఒకటి పొడుగ్గా, తీయగా అరిచింది. తుపాకీ గార్డు ముందు, గైడు మ్వాన్సా అతని వెనక, తర్వాత ఒక డచ్చి జంట, స్కాట్లండు నుంచి వచ్చిన ఇద్దరు రిటైరైన టీచర్లు, నాగేశ్వరి, చలపతి. ఆరుగురూ ఆరు నీడల్లా నడుస్తున్నారు. ఎండిన గడ్డి వాసన, కాలిన కట్టెల వాసన, నేల మీద పళ్ళేలంత అడుగుల జాడలు. చలపతి ఒక జాడలో తన బూటు పెట్టి చూసుకున్నాడు. అందులో ఇంకో బూటుకు చోటుంది. కిందటి వారం దాకా తాను మనిషినని, ఇప్పుడు ఈ గడ్డిలో ఒక పరకనని అనిపించింది. అంత సుఖం అతను ఎప్పుడూ ఎరగడు.

మ్వాన్సా చెయ్యెత్తాడు. అందరూ ఆగారు.

ఎదురుగా గడ్డి విడిపోయింది. ముందు చెవులు కనబడ్డాయి, తర్వాత తల, తర్వాత మంచు మొత్తం ఏనుగులైపోయినట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అంత పెద్దవి నడుస్తుంటే చప్పుడే లేదు. నడుమ ఒక గున్న, తల్లి కాళ్ళ సందున తొండం ఎటు పెట్టుకోవాలో తెలియక తడబడుతోంది. ఒక ముసలి ఏనుగు ఆగి, తొండం గాల్లోకెత్తి, వాళ్ళ వైపు చూసింది. ఎవరూ ఊపిరి తియ్యలేదు.

చలపతి గుండె నిండిపోయింది. నిండింది నిండినట్టు ఉండకుండా పొంగింది. ఇంత అందాన్ని ఒక్కడే చూసి ఊరుకోవడం అతని వల్ల కాలేదు. తనకు తెలియకుండానే గిరుక్కున వెనక్కి తిరిగి, రెండు చేతులూ ఊపుతూ, "అక్కా! తేజా! డాక్టరు గారూ! రండి, తొందరగా రండి, అదుగో పిల్ల కూడా ఉంది!" అని కాకినాడ రేవులో పడవను పిలిచినట్టు కేక పెట్టాడు.

వెనక ఎవరూ లేరు. ఊగుతున్న గడ్డి ఉంది.

తిరిగి ముందుకు చూసేసరికి ముందు కూడా ఊగుతున్న గడ్డే ఉంది. నేల అదిరిన మోత దూరంగా, ఇంకా దూరంగా వెళ్ళిపోతోంది. స్కాట్లండు టీచర్లు అతని వంక బళ్ళో పిల్లాడి వంక చూసినట్టు చూశారు. మ్వాన్సా మర్యాదస్తుడు, వంగి తన బూటు లేసు కట్టుకున్నాడు. నాగేశ్వరి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. "అందర్నీ తీసుకురావాల్సిందండీ," అంది మెల్లగా. అవునన్నట్టు తల ఊపాడు చలపతి. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర్నాటి నుంచి అతన్ని నడకకు తీసుకెళ్ళలేదు. క్యాంపు వరండాలో కుర్చీ వేసి, బైనాక్యులర్స్ చేతికిచ్చారు.

తిరిగొచ్చాక వచ్చిన శనివారం పొద్దున చలపతి నాగేశ్వరిని తీసుకుని స్విన్లీ అడవి కారు పార్కింగుకు వెళ్ళాడు. హేస్ బస్సు వచ్చి ఉంది. వరస అప్పటికే సిద్ధంగా ఉంది. ముందు నిర్మలాదేవి నిలబడి ఉంది, తన వెనక చోటు నాగేశ్వరి కోసమని వదిలిపెట్టి. నాగేశ్వరి సిగ్గుపడుతూ వెళ్ళి అందులో నిలబడింది.

"కనబడ్డాయేంట్రా ఏనుగులు?" అని అడిగింది నిర్మలాదేవి, నడక మొదలుకాకముందే అడగడం మంచిదని.

"కనబడ్డాయక్కా," అన్నాడు చలపతి. "ఎక్కువసేపు వెనకనుంచి."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. ఏం జరిగిందో ఆవిడకు విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. చేత్తో వరస చివర చూపించింది. అక్కడ రహస్యం దాచిన ఆంజనేయప్రసాద్ గారూ, బూట్లు కిర్రుమనే ఒక హేస్ ఆయనా నిలబడి ఉన్నారు. చలపతి వెళ్ళి వాళ్ళకి కూడా వెనక, అందరికంటే ఆఖర్న నిలబడ్డాడు.

ఆ వరసలో మాట్లాడేవాళ్ళకిచ్చే స్థలం అదే.